చిన్నపేగులో చిన్న కెమెరా: సీలియాక్ జబ్బు, కాప్సూల్ ఎండోస్కోపీ

ప్రసాదం దగ్గర "ఇందులో గోధుమ ఉందా అండీ?" అని అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. రవ్వకేసరి సంగతి తెలిసిందే. పులిహోరలోనూ చూసుకోవాలి, ఎందుకంటే బజారులో దొరికే ఇంగువ పొడి చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది. అలా అడిగేవారిలో కొందరిది సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ లోపలికి వెళ్తే వారి రోగనిరోధక శక్తి సొంత చిన్నపేగు మీదే తిరగబడుతుంది. పేగు లోపల మఖమల్ నూగులా ఉండే పొర అరిగి చదునైపోతుంది, తిన్నది ఒంటబట్టదు. కొందరికి విరేచనాలుండవు, ఐరన్ మాత్రలకు లొంగని రక్తహీనత ఒక్కటే కనిపిస్తుంది. అమెరికాలో సుమారు నూటికి ఒకరికి ఇది ఉందని అంచనా. మనం అన్నం తినేవాళ్లమే కానీ, మన పిల్లల లంచ్‌బాక్సులో అన్నం ఎన్నిరోజులుంటోంది?

జబ్బు తేల్చడానికి ముందు రక్తపరీక్ష, తర్వాత నోటి గుండా ఎండోస్కోపీ చేసి పేగులోంచి చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు. ఆ గొట్టం చిన్నపేగు మొదటి భాగం దాకానే పోతుంది. పేగు పొడవేమో దాదాపు 20 అడుగులు.

మిగతాది చూడటానికే కాప్సూల్. 2001లో ఎఫ్‌డీఏ దీన్ని అనుమతించింది. పెద్ద విటమిన్ మాత్రంత ఉంటుంది. నీళ్లతో మింగితే సుమారు 8 గంటలపాటు, సెకనుకు రెండు మూడు చొప్పున ఫొటోలు తీసి నడుముకు కట్టిన రికార్డరుకు పంపుతుంది. మత్తు అక్కర్లేదు. తర్వాత విరేచనంలో పోతుంది, తిరిగి ఇవ్వనక్కర్లేదు!

ఇది అందరికీ అవసరమైన పరీక్ష కాదు. గ్లూటెన్ పూర్తిగా మానేసినా నొప్పి, బరువు తగ్గడం ఆగనివారికి ముఖ్యంగా ఉపయోగం. న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీ వైద్యులు అటువంటి చిక్కు కేసుల్లో దీన్ని వాడి 2005లో ఫలితాలు ప్రచురించారు. పలువురి పేగుల్లో పుండ్లు బయటపడ్డాయి. లింఫోమా అనే కాన్సర్ అనుమానం ఉన్నప్పుడూ పనికొస్తుంది. కాకపోతే కాప్సూల్ ఫొటో తీయగలదే గాని ముక్క తీయలేదు, కాబట్టి బయాప్సీకి బదులు కాదు. పేగు ఎక్కడైనా ఇరుకుగా ఉంటే అది ఇరుక్కుపోవచ్చు. ఆ అనుమానముంటే ముందు కరిగిపోయే ఉత్తుత్తి కాప్సూల్ మింగించి చూస్తారు. అసలుది బయటికి పోయిందని తేలేదాకా ఎమ్మారై చేయించుకోకూడదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాం. అనుమానం రాగానే గోధుమ మానేయకండి. మానేస్తే రక్తపరీక్షా బయాప్సీ రెండూ మామూలుగా కనిపించి, ఉన్న జబ్బు లేనట్టు తేలవచ్చు. ముందు డాక్టరును కలవండి, మానడం తర్వాత.