సైకిలెక్కితేనే నల్లమల కనిపిస్తుంది

నల్లమల అనగానే మన జిల్లా వాసులకు శ్రీశైలం బస్సు గుర్తుకొస్తుంది. మన్ననూరు గేటు దాటాక అరగంట చెట్లు చూస్తాం. ఆ తర్వాత కునుకు పడుతుంది. మెలకువ వచ్చేసరికి దోమలపెంట వచ్చేస్తుంది. కారులో వెళ్లేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. అద్దాలు మూసి, పాటలు పెట్టుకుని, అడవిని గంటన్నరలో దాటేస్తారు. ఇన్నేళ్లుగా ఈ దారిన పోతున్నా అడవి చప్పుడు విన్నవారు మనలో ఎందరు?

ఆ చప్పుడు వినాలంటే కాలినడకన పోవాలి, లేదా సైకిలెక్కాలి. నడకకు రోజులు పడుతుంది. సైకిలుకు ఒక పూట చాలు. ఇంజను మోత లేదు, పొగ లేదు, పెట్రోలు ఖర్చు లేదు. ఊళ్లో ఏ ఇంట చూసినా ఒక పాత సైకిలు గోడకు ఆనించి ఉంటుంది. దానితోనే చూసి రాదగిన దారులు మన ముంగిట్లోనే ఉన్నాయి.

అడవి కథ

కృష్ణకు ఇరువైపులా ఉన్న ఈ అడవిని 1978లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా, 1983లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. నాగార్జునసాగర్ - శ్రీశైలం అభయారణ్యం అన్న పేరుతో అప్పట్లో దాని విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు. 2014లో రాష్ట్రం రెండయ్యాక నదికి ఇవతలి భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. 2016లో నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడినప్పుడు అచ్చంపేట, అమ్రాబాద్ ప్రాంతాలు ఈ జిల్లాలోకి వచ్చాయి.

అంతకు చాలా ముందే, 1940లో, హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు ఈ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి వారి జీవితాన్ని పరిశీలించాడు. 1943లో దానిని పుస్తకంగా తెచ్చాడు. ఈ కొండలకు అసలు యజమానులు చెంచులేనన్న సంగతి ఈ దారిన పోయే ప్రతివారూ గుర్తుంచుకోవాలి. పెంటల్లోకి వెళ్లి ఫొటోలు తీయడం, ఇళ్లలోకి తొంగి చూడడం మర్యాద కాదు.

కొత్తవారికి ఉమామహేశ్వరం

సైకిలు అలవాటు తప్పినవారు ముందుగా ఉమామహేశ్వరం దారి పట్టడం మంచిది. అచ్చంపేట నుంచి రంగాపూర్ వరకు పొలాల మధ్య దారి. ఆ తర్వాత కొండ ఎదురవుతుంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పేరున్న ఈ క్షేత్రానికి ఘాట్ రోడ్డు ఉంది. మలుపులు గట్టివే. మామూలు సైకిలుతో ఎక్కడం అయ్యే పని కాదు. దిగి తోసుకుంటూ పోవాలి. అందులో నామోషీ ఏమీ లేదు. కొండ నీడ, రాతి చరియ కింద స్వామి సన్నిధి అలసట తీరుస్తాయి. ఉదయం బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరవచ్చు.

అన్నిటికన్నా నిశ్శబ్దం అమ్రాబాద్ దారి

హాజీపూర్ చౌరస్తా నుంచి రోడ్డు కొండెక్కి మన్ననూరు చేరుతుంది. అక్కడ శ్రీశైలం వెళ్లే బండ్లన్నీ నేరుగా పోతాయి. అమ్రాబాద్ వైపు మళ్లితే రద్దీ ఒక్కసారిగా తగ్గిపోతుంది. సైకిలు వారికి కావలసింది ఈ దారే.

మన్ననూరు నుంచి అమ్రాబాద్‌కు సైకిలు మీద గంటలోపే చేరుకోవచ్చు. ఒకసారి పీఠభూమి మీదికి వచ్చాక పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు. ఒకవైపు పత్తి, వేరుశనగ చేలు. మరోవైపు అడవి అంచు. అమ్రాబాద్‌లో చాయ్ తాగి పదర వైపు సాగవచ్చు. ఓపిక ఉన్నవారు అక్కడి నుంచి మద్దిమడుగు ఆంజనేయస్వామి గుడిదాకా వెళ్లవచ్చు. హనుమాన్ మాల వేసుకున్న భక్తులు కాలినడకన వచ్చే దారి ఇది. గుడి దగ్గరపడేకొద్దీ అడవి చిక్కబడుతుంది. ఒంటరిగా పోకూడదు. నలుగురైదుగురు కలిసి వెళ్లి, పొద్దుండగానే తిరిగి రావాలి.

శ్రీశైలం రోడ్డు మీద

మన్ననూరు నుంచి దోమలపెంట వైపు జాతీయ రహదారి సుమారు 60 కిలోమీటర్లు అభయారణ్యంలోనే సాగుతుంది. చదును నేల మీద గంటకు 15 కిలోమీటర్లు తొక్కే మనిషికి నాలుగు గంటల దూరం. ఎత్తులు, ఆగి నీళ్లు తాగే సమయం కలుపుకుంటే ఆరు గంటలు వేసుకోవాలి. అదే రోజు వెనక్కి తొక్కుకుంటూ రావాలనుకోవద్దు. రాత్రికి బస చూసుకుని మరునాడు తిరిగి రావాలి.

శని, ఆదివారాలు, శివరాత్రి, ఉగాది రోజుల్లో ఈ రోడ్డు సైకిలుకు పనికిరాదు. కార్లు బారులు తీరి ఉంటాయి. పనిదినాల్లో ఉదయం పూట మాత్రం కొంత నెమ్మది ఉంటుంది. దారిలో వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం జలపాతానికి మలుపు ఉంది. వానలు వెనుకబట్టిన రోజుల్లో జలపాతం నిండుగా ఉంటుంది. ఈగలపెంట దాటాక కృష్ణ వంతెన వరకు ఒకటే దిగుడు. ఎదుటి గట్టున సున్నిపెంట వైపు మళ్లీ ఎక్కుడు. బ్రేకుల మీద పూర్తి నమ్మకం లేనివారు దోమలపెంటలోనే ఆగిపోవడం క్షేమం.

ఫర్హాబాద్ గేటు లోపలి దారి మాత్రం సైకిలుకు కాదు. అక్కడికి అటవీశాఖ వారి వాహనంలోనే వెళ్లాలి. సలేశ్వరం దారి కూడా చైత్ర పౌర్ణమి జాతరకే గాని, మిగతా రోజుల్లో మనం చొరబడేది కాదు.

ఎప్పుడు వెళ్లాలి?

కార్తీకం నుంచి మాఘం వరకు అనువైన కాలం. వానాకాలంలో ఘాట్ రోడ్డు జారుతుంది. వేసవిలో నీరు దొరకదు, అడవికి నిప్పంటుకునే భయం కూడా ఉంటుంది. పైగా ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున చెట్ల కింద ఎలుగుబంట్లు తిరుగుతాయి.

మన్ననూరు గేటు రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మూసి ఉంటుంది. గేటు తీశారు కదా అని 6 గంటలకే బయలుదేరడం కూడా తగదు. జంతువులు పొద్దున, సాయంత్రం వేళల్లోనే రోడ్డు దాటుతాయి. 7 గంటల తర్వాత బయలుదేరి, సాయంత్రం 4 గంటలకల్లా ఊరు చేరేలా చూసుకోవాలి.

బ్రేకులు, బెల్లు మరవద్దు

ఎక్కేటప్పుడు ఆయాసమే గాని ప్రమాదం తక్కువ. దిగేటప్పుడే ప్రాణాల మీదికి వస్తుంది. బయలుదేరే ముందురోజు మెకానిక్ దగ్గర బ్రేకు రబ్బర్లు మార్పించాలి. గొలుసుకు నూనె పెట్టించాలి. దిగుడులో రెండు బ్రేకులూ పట్టి విడుస్తూ, పట్టి విడుస్తూ రావాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలవచ్చు. రిమ్ము తడిసి ఉంటే బ్రేకు వెంటనే పట్టదు. అలాంటప్పుడు దిగి నడవడమే మేలు.

పంచరు సామాను, గాలిపంపు, రెండు సీసాల నీళ్లు, సద్దిమూట వెంట ఉండాలి. సెల్‌ఫోను అన్నిచోట్లా పలకదు. ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పటికి తిరిగి వచ్చేదీ ఇంట్లో చెప్పి వెళ్లాలి.

సైకిలు చప్పుడు చేయదు. అదే దాని గొప్ప, అదే దాని ప్రమాదం. మలుపు అవతల ఉన్న ఎలుగుకు మనం వచ్చేది తెలియదు. ఉలిక్కిపడితే మీద పడుతుంది. అందుకే ప్రతి మలుపులోనూ బెల్లు కొట్టాలి. జంతువు కనబడితే దూరంగానే ఆగాలి. పరుగెత్తకుండా, కేకలు వేయకుండా నెమ్మదిగా వెనక్కి తగ్గాలి. అది దారి వదిలాకే కదలాలి.

రోడ్డు మనదొక్కరిదే కాదు

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 16 మీటర్ల పైచిలుకు ముందుకు పోతుంది. దుప్పి రోడ్డు మీదికి వచ్చిందని డ్రైవరు గుర్తించి బ్రేకు మీద కాలు వేసేలోపే దాని పని అయిపోతుంది. 15 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు అదే సెకనులో 4 మీటర్లే కదులుతుంది. జంతువుకూ మనిషికీ ఇద్దరికీ తప్పుకునే వ్యవధి దొరుకుతుంది.

ఆ రోడ్డు మీద తిరిగేది జంతువులొక్కటే కాదు. తునికాకు మోపులతో వచ్చే ఆడవారు, తేనె దించుకొచ్చే చెంచులు, పశువుల కాపర్లు, బడి పిల్లలు కూడా ఆ అంచునే నడుస్తారు. కారు వేగం వారికీ గండమే.

కార్లవారు కోతులకు అరటిపళ్లు, బిస్కట్లు విసరడం వేడుకగా పెట్టుకున్నారు. తిండి రుచి మరిగి కోతులు అడవి వదిలి రోడ్డు మీద కాపురం పెడతాయి, చక్రాల కింద పడతాయి. మిగిలినవి ఊళ్లమీద పడి పంటలు పాడుచేస్తాయి. ఆ నష్టం మన రైతులకే. ఈ అభయారణ్యంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను 2024లో నిషేధించారు. నిషేధం కాగితం మీద ఉంటే చాలదు. మనం తీసుకెళ్లిన సీసాలు, కవర్లు మనమే వెనక్కి తేవాలి.

ఈ రహదారికి బదులు అడవి మీదుగా ఎత్తున వంతెనలాంటి రోడ్డు వేయాలన్న ప్రతిపాదనలు కూడా ఇటీవల వచ్చాయి. అది ఎప్పటికి తేలుతుందో గాని, ఈలోగా ఖర్చు లేకుండా చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఊళ్ల దగ్గర, మలుపుల దగ్గర కార్ల వేగానికి కళ్లెం వేయాలి. రోడ్డు అంచులు కోసుకుపోయినచోట మట్టి పోయించి సరిచేయాలి. అమ్రాబాద్, పదర దారిలో తాగునీటి వసతి కల్పించాలి. సైకిలు మీద వచ్చేవారు నెమ్మదిగా వస్తారు, ఆగి ఆగి పోతారు. ఊరి హోటల్లో టిఫిను తింటారు, తేనె కొంటారు. దానివల్ల నాలుగు రూపాయలు ఊళ్లోనే మిగులుతాయి.

అధికారులు, గ్రామ పంచాయతీలు ఈ విషయం ఆలోచించాలి. ఆ లోపల మనం చేయవలసింది ఒకటే. గోడకు ఆనించిన సైకిలుకు గాలి కొట్టించి, బెల్లు సరిచూసుకుని, వచ్చే పనిదినాల్లో ఒకరోజు వీలు చేసుకుని మన అడవిని మనమే ఒకసారి చూసి రావడం.