సినిమా ఒకటే, డిస్కులు వేరు

సినిమాను హాల్లో చూస్తాం. ఇంట్లో కూడా చూడవచ్చు. ఇంట్లో చూసేందుకు కంపెనీలు సినిమాను ఒకప్పుడు క్యాసెట్ల మీద ఎక్కించి అమ్మేవి. డిస్కుల మీద కూడా ఎక్కించి అమ్ముతాయి. దీన్నే హోమ్ వీడియో అంటారు. ఒక సినిమాను తీసుకుని ఈ సంగతి తెలుసుకుందాం.

ఆ సినిమా పేరు 'ట్రూ లైస్'. అంటే 'నిజమైన అబద్ధాలు'. 1994లో అమెరికాలో విడుదలైంది. జేమ్స్ కామెరాన్ తీశాడు. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ హీరో. ఇందులో హీరో గూఢచారి. గూఢచారి అంటే శత్రువుల రహస్యాలు కనిపెట్టేవాడు. భార్యకు మాత్రం కంప్యూటర్లు అమ్ముతున్నానని చెబుతాడు. ఈ సినిమాకు 10 కోట్ల డాలర్లకు పైనే ఖర్చయింది.

హాళ్లలో ఆడాక వీడియో క్యాసెట్టు వచ్చింది. క్యాసెట్టులో సన్నని టేపు ఉంటుంది. ఆడించేకొద్దీ టేపు అరుగుతుంది. బొమ్మ మసకబారుతుంది. మన ఊళ్లలో ఒకప్పుడు వీసీఆర్ అద్దెకు తెచ్చి తెల్లార్లూ సినిమాలు చూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు.

1999లో ఈ సినిమా డీవీడీ వచ్చింది. డీవీడీలో టేపు ఉండదు. లేజర్ అనే వెలుగు కిరణం డిస్కును చదువుతుంది. కాబట్టి అరుగుదల లేదు. గీతలు పడితే మాత్రం బొమ్మ ఆగిపోతుంది.

2024 మార్చిలో 4కే డిస్కు వచ్చింది. 4కే అంటే ఏమిటి? ముగ్గుకు చుక్కలు పెడతాం కదా! టీవీలో బొమ్మ కూడా చుక్కలతోనే ఏర్పడుతుంది. అమెరికా డీవీడీలో ఒక్క బొమ్మకు సుమారు 3 లక్షల 45 వేల చుక్కలు. 4కేలో సుమారు 83 లక్షలు. చుక్కలు పెరిగితే బొమ్మలో చిన్న చిన్న వివరాలు కూడా కనిపిస్తాయి.

అయితే చుక్కలు పెరిగితే చాలదు. ఈ కొత్త డిస్కు కోసం బొమ్మను కంప్యూటర్‌తో శుభ్రం చేశారు. ముఖాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయని కొందరు ప్రేక్షకులు విమర్శించారు.

డీవీడీ, 4కే డిస్కు చూడటానికి ఒకేలా గుండ్రంగా ఉంటాయి. కానీ 4కే డిస్కు మామూలు డీవీడీ ప్లేయర్‌లో ఆడదు. ఇంకో సంగతి. డీవీడీలకు ప్రాంతాన్ని బట్టి నంబరు ఉంటుంది. అమెరికాకు 1, మన దేశానికి 5. అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపిన డీవీడీ ఇక్కడి ప్లేయర్‌లో ఆడకపోవచ్చు.

ఈ వివరాలన్నీ అట్ట మీద అచ్చేసి ఉంటాయి. చదవకుండా కొంటే డబ్బు దండగ. అట్ట మీది అక్షరాలు, అంకెలు చదవండి. మన ప్లేయర్‌లో ఆడుతుందా అని దుకాణంలోనే అడగండి. ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి.

చెప్పండి:
1. క్యాసెట్టుకు, డీవీడీకి తేడా ఏమిటి?
2. డిస్కు కొనేముందు అట్ట మీద ఏమేం చూడాలి?