ఎండోస్కోపీలో మత్తు

ఎండోస్కోపీలో మత్తు అనగా అన్నవాహిక, జీర్ణాశయం, పెద్దప్రేగు వంటి అవయవాలను కెమెరా అమర్చిన గొట్టంతో పరీక్షించేటపుడు రోగికి బాధ, భయం, వికారం కలుగకుండా మందు ఇచ్చే పద్ధతి. శస్త్రచికిత్సలో ఇచ్చే మత్తుకూ దీనికీ గల ముఖ్యమైన తేడా సమయానికి సంబంధించినది. శస్త్రచికిత్స గదిలో మత్తువైద్యుడు ఒకే రోగి వద్ద గంటల తరబడి ఉండవచ్చు. ఎండోస్కోపీ విభాగంలో చాలా పరీక్షలు కొద్ది నిమిషాల నుండి అరగంట లోపు ముగుస్తాయి, వెంటనే మరొక రోగిని సిద్ధం చేయాలి. కాబట్టి ఎంచుకున్న మందు రోగి సౌకర్యంతో పాటు ఆ రోజు ఎంతమందికి పరీక్ష జరుగుతుందన్న దానిని కూడా ప్రభావితం చేస్తుంది.

మత్తు స్థాయిలు

అమెరికా మత్తువైద్యుల సంఘం మత్తును నాలుగు స్థాయిలుగా వర్గీకరించింది. స్వల్ప మత్తులో రోగి మామూలుగా మాట్లాడగలడు. మధ్యస్థ మత్తులో పిలిచినపుడు, లేదా మెల్లగా తట్టినపుడు స్పందిస్తాడు. గాఢ మత్తులో పదేపదే పిలిస్తే గాని, నొప్పి కలిగిస్తే గాని స్పందించడు. శ్వాసకు సహాయం అవసరం కావచ్చు. నాల్గవది సంపూర్ణ మత్తు (జనరల్ అనస్థీషియా). వీటిని మెట్లుగా భావించడం కంటే ఏటవాలుగా భావించడం సరియైనది. మధ్యస్థ మత్తు కోసం మందు తీసుకున్న రోగి ఎవరూ గమనించకుండానే గాఢ మత్తులోకి జారిపోవచ్చు. అందుచేత ఉద్దేశించిన స్థాయి కన్నా లోతుకు వెళ్ళిన రోగిని తిరిగి రక్షించగల నేర్పు మందు ఇచ్చేవారికి ఉండాలని ఆ సంఘం నిర్దేశించింది.

మందులు

జీర్ణాశయ పరీక్షను చాలాచోట్ల గొంతులో లిడోకైన్ స్ప్రే కొట్టి, వేరే మత్తు లేకుండానే చేస్తారు. భారతదేశంలో ఇది సర్వసాధారణం. రోగి కొద్దిసేపటికే లేచి నడచి వెళ్ళగలడు, అయితే గొంతు తిమ్మిరి తగ్గేవరకు ఏమీ తినకూడదు, త్రాగకూడదు.

మత్తు అవసరమైనపుడు మిడజోలామ్, దానికి తోడుగా ఫెంటానిల్ చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. వీటికి విరుగుడు మందులున్నాయి: మొదటిదానికి ఫ్లూమజెనిల్, రెండవదానికి నాలోక్సోన్. అయితే ఫ్లూమజెనిల్ ప్రభావం మిడజోలామ్ ప్రభావం కన్నా ముందే తగ్గిపోవచ్చు. మేల్కొన్న రోగి మళ్ళీ మగతలోకి వెళ్ళే ప్రమాదం ఉన్నందున, రోగులను త్వరగా ఇంటికి పంపడానికి విరుగుడును ఒక ఉపాయంగా వాడటం తగదు.

ప్రొపోఫోల్ సోయా నూనె, గ్రుడ్డు లెసిథిన్‌లతో చేసిన తెల్లని ద్రవం. చూడటానికి పాలవలె ఉంటుంది. బ్రిటన్‌లోని ఐసీఐ సంస్థలో పనిచేసిన పశువైద్యుడు జాన్ గ్లెన్ దీని అభివృద్ధికి మూలపురుషుడు. 1986లో ఇది ఆ దేశంలో వాడుకలోకి వచ్చింది. ఈ కృషికి గాను ఆయనకు 2018లో లాస్కర్ పురస్కారం లభించింది. ఈ మందు ఒక నిమిషం లోపే పనిచేస్తుంది, ఆపిన కొద్ది నిమిషాలకే రోగి తేరుకుంటాడు. ఇంతవరకు అంతా అనుకూలమే. కాని దీనికి విరుగుడు లేదు. నిద్రపుచ్చే మోతాదుకూ శ్వాసను ఆపివేసే మోతాదుకూ మధ్య ఎడం తక్కువ.

2020లో అమెరికాలో అనుమతి పొందిన రెమిమజోలామ్ త్వరగా విచ్ఛిన్నమయ్యే మందు. దీనికి ఫ్లూమజెనిల్ విరుగుడుగా పనిచేస్తుంది.

శ్వాసపై నిఘా

నోటి ద్వారా చేసే పరీక్షలో గొట్టం, శ్వాస రెండూ గొంతు మార్గాన్నే పంచుకుంటాయి. గదిలో వెలుతురు తగ్గిస్తారు, వైద్యుని దృష్టి తెరపై ఉంటుంది. రోగి శ్వాస ఆగినా వ్రేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటరు వెంటనే చెప్పదు. ముక్కు ద్వారా ఆక్సిజన్ ఇస్తున్నపుడు మరింత ఆలస్యంగా చెబుతుంది. నిశ్వాసంలోని కార్బన్ డయాక్సైడును కొలిచే క్యాప్నోగ్రఫీ ఈ మార్పును ముందుగానే చూపుతుంది. మధ్యస్థ, గాఢ మత్తులలో దీనిని వాడాలని అమెరికా సంఘం 2011 నుండి తన ప్రమాణాలలో చేర్చింది.

2014లో అమెరికా హాస్యనటి జోన్ రివర్స్‌కు న్యూయార్క్‌లో ప్రొపోఫోల్ మత్తులో స్వరపేటిక, జీర్ణాశయ పరీక్షలు జరుగుతుండగా గుండె ఆగింది. మెదడుకు ఆక్సిజన్ అందక కలిగిన నష్టం వలన కొద్ది రోజులకు ఆమె మరణించారు. ఇటువంటి మరణాలు అరుదు.

విభాగపు పనితీరు

గొట్టం లోపల ఉండే సమయం రోగి ఆసుపత్రిలో గడిపే సమయంలో చిన్న భాగమే. అనుమతి పత్రం, నరానికి సూది అమర్చడం, మత్తు ఎక్కే నిరీక్షణ, తేరుకోవడం, గొట్టాన్ని శుభ్రపరచడం మిగిలిన కాలాన్ని తీసుకుంటాయి. మిడజోలామ్ తీసుకున్న రోగులతో రికవరీ మంచాలు నిండితే, పరీక్ష ముగిసినవారిని గది నుండి తరలించే వీలుండదు. వైద్యుడు ఖాళీగా నిలబడవలసి వస్తుంది. ఇటువంటి చోట పరీక్ష గదులను పెంచడం వలన ప్రయోజనం స్వల్పం. రికవరీ మంచాలను పెంచడం, సూదిని నిరీక్షణ గదిలోనే అమర్చడం, గుండె, ఊపిరితిత్తుల వ్యాధులున్నవారిని ముందురోజే గుర్తించడం మేలు చేస్తాయి. ప్రొపోఫోల్ ఈ రద్దీని తగ్గిస్తుంది గాని, చాలాచోట్ల దానికి మత్తువైద్యుడు తప్పనిసరి కావడంతో ఆయన కొరత కొత్త అడ్డంకి అవుతుంది.

ఈ కొరతను యంత్రంతో తీర్చే ప్రయత్నం కూడా జరిగింది. జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ రూపొందించిన సెడాసిస్ యంత్రం రోగి చేతిలోని పరికరాన్ని కంపింపజేసి నొక్కమని అడిగేది, స్పందన లేకపోతే ప్రొపోఫోల్‌ను తగ్గించేది. దీనికి 2013లో అనుమతి లభించింది. మత్తువైద్యుల నుండి వ్యతిరేకత ఎదురైంది, అమ్మకాలు కూడా తక్కువగా ఉండటంతో 2016లో సంస్థ దానిని ఉపసంహరించుకుంది.

రోగిని ఎప్పుడు పంపవచ్చో నిర్ణయించడానికి 1970లో వెలువడిన ఆల్డ్రెట్ కొలమానాన్ని వాడుతారు. కదలిక, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, ఆక్సిజన్ స్థాయి (మొదట్లో శరీర వర్ణం) అనే అయిదు అంశాలకు ఒక్కొక్కదానికి 0 నుండి 2 మార్కులు వేస్తారు. సాధారణంగా 9 వస్తే రికవరీ గది నుండి కదల్చవచ్చు.

రోగి పాటించవలసినవి

మంచినీరు వంటి ద్రవాలను మత్తుకు 2 గంటల ముందు, తేలికపాటి ఆహారాన్ని 6 గంటల ముందు ఆపాలి. వేపుళ్ళు, క్రొవ్వు పదార్థాలు తింటే 8 గంటలు లేదా అంతకుమించి వ్యవధి కావాలి. సెమాగ్లుటైడ్ వంటి మధుమేహ, స్థూలకాయ మందులు జీర్ణాశయం ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి, కనుక వాటిని వాడుతున్న సంగతి ముందే తెలియజేయాలి. మత్తు తీసుకున్నవారు 24 గంటలపాటు వాహనం నడపరాదు, ముఖ్యమైన పత్రాలపై సంతకం చేయరాదు. తోడుగా పెద్దవారు ఒకరు రాకపోతే చాలా ఆసుపత్రులు మత్తుతో చేసే పరీక్షను వాయిదా వేస్తాయి.