నాడు మేస్త్రీ, నేడు ఏజెంటు

రంగం, అనగా బర్మాలోని రంగూను, ఒకప్పుడు మన ఉత్తరాంధ్ర కూలీలకు అన్నంపెట్టిన ఊరు. అయితే ఓడ ఎక్కకముందే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు కాలికి సంకెలయ్యేది. 1942లో జపాను సేనలు వచ్చిపడితే లక్షలాది భారతీయులు తిరుగుముఖం పట్టారు. అడవిదారిన నడిచినవారిలో ఎందరో దారిలోనే పోయారు.

నేడు మేస్త్రీ పోయి ఏజెంటు వచ్చాడు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి, టూరిస్టు వీసాపై కంబోడియా పంపి, అక్కడ సైబరు మోసాలు చేయించే ముఠా గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులు రట్టు చేశారు. టూరిస్టు వీసాపై పనిచేసే హక్కు లేదు. అందుకే మోసపోయినవాడికి ఫిర్యాదు చేయాలన్నా భయమే. ఆ భయమే ఏజెంటుకు పెట్టుబడి.

వలస తప్పు కాదు. కానీ 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఏజెంటుకు కేంద్రప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. మిత్రులారా, మన నాన్నలు పొలం తాకట్టు పెట్టకముందే ఆ కాగితం, పనికిచ్చే వీసా చూపించమని అడుగుదాం.