పాత కంప్యూటరు డిస్కునకు అంటు కట్టు విధము



గడచిన 2024 వేసవిలో ఒక వృద్ధ సభ్యుడు మా సంఘ కార్యాలయమునకు వచ్చెను. తాను 2003వ సంవత్సరమున తీసికొనిన పంట ఋణమును మఱుసటి యేడు వేరుసెనగ అమ్మి తీర్చితిననియు, ఆ రసీదును చెదలు తినెననియు, ఇప్పుడు కుమారులకు భూమి పంచుటకు బాకీ లేదను కాగితము కావలెననియు చెప్పెను. క్రొత్త లెక్కలలో చూడగా ఆయన పేరిట అసలు కొంత నిలిచియే యుండెను. ఆయన మాట నిజమో కాదో తేల్చదగిన పాత లెడ్జరు, గది మూలనున్న 1999 నాటి కంప్యూటరులో నుండెను. కార్యదర్శి దాని మీట నొక్కగా లోపల గడియారము వలె టిక్కు టిక్కుమను చప్పుడు తప్ప తెరపై ఒక అక్షరమును రాలేదు. నాలుగవ మారు లేచి, పది నిమిషములు పనిచేసి, మరల పడిపోయెను. లోపలి డిస్కు చావునకు సిద్ధముగా నున్నదని దాని యర్థము.

ఇట్టి యంత్రములు మన సంఘములలో ఇంకను పెక్కు గలవు. 2022 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించెను. అది మేలే. అయితే క్రొత్త యంత్రము వచ్చినది గదా యని పాతదానిని అటక మీదికి ఎక్కించుట మేలు కాదు. నేను వ్యవసాయ ప్రదర్శకుడనే గాని యంత్రజ్ఞుడను గాను. అయినను ఈ పనిలో నేను చేసిన తప్పును, పిదప నేర్చుకొనిన దానిని చెప్పిన యెడల ఇతర సంఘముల వారికి ఉపకరించునని వ్రాయుచున్నాను.

మొదట పట్టణములో మరమ్మతులు చేయు కుఱ్ఱవాడొకడు వచ్చి, క్రొత్త డిస్కు తెచ్చి, దానిని శుభ్రముగా ఫార్మాటు చేసి, పాతదానిలోని ఫైళ్ళన్నిటిని దానిలోనికి ఎత్తిపోసెను. నేను ప్రక్కనే యుండి సరే యంటిని. విండోస్ 98 లేచినది. ఫైళ్ళన్నియు లెక్కకు సరిపోయినవి. తీరా లెడ్జరు ప్రోగ్రామును తెఱవగా, ఈ యంత్రమునకు లైసెన్సు లేదని ఒక్క వాక్యము చూపి మూసికొనెను. ఆ ప్రోగ్రామును అమ్మిన వ్యాపారము మూతపడి చాలకాలమైనది. అడుగుటకు దిక్కు లేదు. అంతకంటె విచారకరమైన సంగతి, ఆ యెత్తిపోతలో చావబోవు డిస్కును మూడు గంటలు తిప్పితిమి.

తప్పెక్కడనో మన పొలముల భాషలో చెప్పెదను. డిస్కు ఒక పెద్ద కమతము. దానిని సెక్టారులను చిన్న మడులుగా విభజించియుందురు. ఆ కాలపు డిస్కులలో ఒక్కొక్క మడిలో 512 బైట్లు, అనగా సుమారు 512 ఇంగ్లీషు అక్షరములు, పట్టును. మా డిస్కు 6.4 గిగాబైట్లది, అందు ఒక కోటి ఇరువదియైదు లక్షల మడులు. ఏ ఫైలు ఏ మడులలో నున్నదో తెలుపు పట్టిక యొకటి యుండును. అది మన అడంగల్ వంటిది. ఫైళ్ళను ఎత్తిపోయువాడు అడంగల్‌లో నున్న పంటలనే కోసికొని పోవును. పోరంబోకు జోలికి పోడు. ఆ కాలపు ప్రోగ్రాములలో కొన్ని తమ లైసెన్సు గుర్తును ఏ ఫైలుకును చేరని మడులలో, డిస్కు మొదటి భాగమున వాడుక లేక విడిచిన చోట, దాచెడివి. అది ఫైళ్ళతో రాదు.

మఱికొన్ని ప్రోగ్రాములు, మాది అట్టిదే, వాల్యూము అంకెను చూచును. డిస్కును ఫార్మాటు చేసిన నాటి తేదీ, గంట, నిమిషములనుండి యంత్రమే ఒక అంకెను కల్పించి ఆ భాగపు మొదటి మడిలో వ్రాసికొనును. నల్లతెరపై డి.ఐ.ఆర్. అని కొట్టినచో నడుమ చిన్న గీతతో ఎనిమిది గుర్తులుగా కనబడునది ఇదియే. కుఱ్ఱవాడు క్రొత్తగా ఫార్మాటు చేసిన క్షణముననే క్రొత్త అంకె పుట్టినది. ప్రోగ్రాము తాను కాపురమున్న యిల్లు ఇది కాదనుకొనినది.

కావున చేయవలసినది ఎత్తిపోత గాదు, అంటు. బంగినపల్లి టెంకను నాటినచో వచ్చు చెట్టు తల్లివలె కాయునను నమ్మకము లేదు. అంటు కట్టినచో తల్లియే మఱియొక చోట నిలిచినట్లు. ఈ పనికి ఇంగ్లీషువారు క్లోను అను మాటను వాడుదురు. అది మన తోటలనుండి పోయిన మాటయే. 1903లో అమెరికా వ్యవసాయ శాఖలోని హెర్బర్టు వెబ్బరను శాస్త్రజ్ఞుడు, కొమ్మలు దుంపలు మొదలగువాని వలన పెంచిన మొక్కలకు, కొమ్మ యని అర్థమిచ్చు గ్రీకు మాటనుండి ఆ పేరు పెట్టెను. డిస్కునకు అంటు కట్టుట యనగా పంట, బీడు, పోరంబోకు అను భేదము లేక, మొదటి మడి మొదలు తుది మడి వఱకు ఉన్నదున్నట్లు దించుట.

రెండవ మారు నేనే కూర్చుంటిని. పాత డిస్కును ఊడదీసి, యు.ఎస్.బి. తీగతో మఱియొక కంప్యూటరునకు తగిలించితిని. ఆ కంప్యూటరును విండోసుతో గాక, చిన్న పుల్లలో నుంచిన లినక్సుతో లేపితిని; ఏలనన విండోసు తాకిన డిస్కుపై అడుగకయే ఏదో వ్రాయుటయు, చదువలేనప్పుడు ఫార్మాటు చేయుదునా యని అడుగుటయు కలదు. ఆ ప్రశ్నకు అవునని నొక్కినవాడు కళ్ళములో నిప్పు పెట్టినవాడే. డి.డి.రెస్క్యూ అను ఉచిత ప్రోగ్రాము ఇట్టి పనికై చేయబడినది. అది మొదట బాగుగా చదువబడు మడులను త్వరగా దించుకొని, చెడినవాటిని చిట్టాలో వ్రాసికొని, పిదప తీరికగా వాటియొద్దకు మరల మరల పోవును. నడుమ కరెంటు పోయినను ఆ చిట్టా యున్నచో విడిచిన చోటనే మొదలు పెట్టును.

ఇచ్చట ఒక్క జాగ్రత్త ప్రాణమువంటిది. ఏ డిస్కునుండి ఏ డిస్కునకు అని చెప్పునప్పుడు పేరులు తారుమారైనచో, ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద కూర్చుండును. నేను రెండింటి పరిమాణమును, ఫ్యాక్టరీ అంకెను కాగితముపై వ్రాసికొని, కార్యదర్శిచేత చదివించి, పిమ్మట మీట నొక్కితిని. అదియుగాక, తిన్నగా క్రొత్త డిస్కులోనికి దించక, మొదట ఒక పెద్ద ఫైలుగా దించితిని. పాత డిస్కును తిప్పుట ఒక్కమారే. ఆ ఫైలునుండి ఎన్ని అంటులైనను కట్టుకొనవచ్చును.

మంచి భాగము గంటలో దిగినది. చెడు మడులకు రాత్రియంతయు పట్టినది. డిస్కును ఐసుపెట్టెలో పెట్టినచో బ్రతుకునని ఒక పెద్దమనిషి సలహా చెప్పెను. తీసిన తోడనే చెమ్మ పట్టి ఉన్నదియు పోవునని నేను ఒప్పుకొనలేదు. తెల్లవాఱుసరికి పదునొకండు మడులు మాత్రము రాకపోయెను. అవి లెడ్జరులోనివి గావు, ప్రోగ్రాము వాడుకను తెలుపు సహాయపు ఫైలులోనివని తేలిన పిదప గాని నాకు కాఫీ రుచింపలేదు.

క్రొత్త డిస్కునకు బదులు 8 గిగాబైట్ల కాంపాక్టు ఫ్లాష్ కార్డును, ఐ.డి.ఇ. తీగకు తగిలించు చిన్న పలకతో వాడితిమి. దానిలో తిరుగు భాగములు లేవు. కొన్ని కార్డులు తాము తీసివేయదగినవారమని యంత్రముతో చెప్పుకొనును. స్థిరమైన డిస్కునని చెప్పుకొను రకమును అడిగి కొనవలెను. క్రొత్తది పాతదానికంటె ఒక్క మడియైనను తక్కువ గారాదు. మిక్కిలి పెద్దదియు పనికిరాదు: చాల పాత యంత్రములు 528 మెగాబైట్ల పైన, తరువాతివి 8.4 గిగాబైట్ల పైన గుర్తింపవు.

అంటుతో రాని గుర్తులును కలవు. పశువులకు బీమా చేయునప్పుడు చెవికి బిళ్ళ వేయుదురు గదా. తల్లి బిళ్ళ దూడకు రాదు. అట్లే ప్రతి డిస్కునకు ఫ్యాక్టరీలో ఇచ్చిన అంకె యొకటి దాని లోపలి యంత్రభాగముననే యుండును. మడులను దించినంత మాత్రమున అది దిగదు. లైసెన్సు ఆ అంకెకు ముడిపడియున్నచో, డిస్కు బ్రతికియుండగానే అమ్మినవారిని అడిగి క్రొత్త తాళము తెచ్చుకొనవలెను. వారు లేనిచో, ఆ ప్రోగ్రాము నడచుచుండగానే లెక్కలన్నిటిని కాగితముపై అచ్చు తీసికొనుట తప్ప నాకు తోచిన మార్గము లేదు. నెట్‌వర్కు కార్డు అంకెను చూచు లైసెన్సులు కొన్ని యున్నవి. అట్టిచోట ఆ కార్డును పదిలముగా ఉంచిన చాలును. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ యంత్రములోని పది లక్షణములను లెక్కించును గాని, ఒకటి రెండు మారినచో సహించును.

మా కథలో ఇంకొక ముడి యుండెను. సభ్యుల పేరులు తెలుగులో నుండెను. యూనికోడ్‌లో తెలుగునకు 1991 నుండియే చోటున్నను, ఆనాటి తెలుగు ప్రోగ్రాములు తమ తమ సొంత అచ్చులను వాడినవి. ఆ ప్రోగ్రాము లేనిచో పేరులన్నియు ఇంగ్లీషు పిచ్చిగీతలుగా కనబడును. లెడ్జరు తెఱచుకొనెను గాని, పేరులు చదువరాలేదు. తెలుగు ప్రోగ్రామునకు తాళము వేఱుగ నుండెను. ప్రింటరు తీగకును యంత్రమునకును నడుమ బిగించు ఇరువదియైదు సూదుల చిన్న డబ్బా అది, డాంగిల్ అందురు. పనికిరాని తునక యని ఎవరో తీసి, స్టాంపు సిరాబుడ్ల సొరుగులో పడవేసిరి. రెండు దినములు వెదకితిమి. అది దొరకనిచో డిస్కునకు అంటు కట్టియు ఫలము లేకుండెడిది. యు.ఎస్.బి.నుండి ప్రింటరు తీగకు మార్చు నేటి సామగ్రిపై ఇట్టి డబ్బాలు సామాన్యముగా పనిచేయవు గాన, పాత యంత్రపు పెట్టెనే నిలుపుకొంటిమి.

ఆ పెట్టెలో రూపాయి బిళ్ళవంటి 3 వోల్టుల బ్యాటరీ చచ్చియుండెను. అది చచ్చినచో యంత్రము తేదీని మఱచి ఏండ్లు వెనుకకు పోవును. గడువు చూచు లైసెన్సులు దానిని మోసముగా నెంచి మూసికొనవచ్చును. అందుచే మొదట బ్యాటరీ, పిదప తేదీ, ఆ తరువాతనే ప్రోగ్రాము.

ఇది చట్టసమ్మతమా యని కార్యదర్శి అడిగెను. అడుగవలసిన ప్రశ్నయే. 1957 నాటి కాపీరైటు చట్టము 52వ విభాగము ప్రకారము, ప్రోగ్రామును న్యాయముగా కలిగినవాడు, దానిని ఏ పనికి కొనెనో ఆ పనికే, నష్టమునుండి తాత్కాలిక రక్షణగా మాఱుప్రతి చేసికొనవచ్చును. ఇతరుల హక్కును హరించు తలంపుతో తాళమును ఛేదించుట 2012లో చేర్చిన 65ఏ విభాగము క్రింద నేరము. మేము తాళమును ఛేదింపలేదు. తాళముతో కూడ ఇల్లు మార్చితిమి. ఒక లైసెన్సునకు ఒక యంత్రమే గాన, పొరుగు సంఘమువారు కార్డునకు ప్రతి అడిగినను ఇయ్యలేదు. వారికి కొంచెము కోపము వచ్చినది.

మూడవ నాటి మధ్యాహ్నము లెడ్జరు తెలుగులో తెఱచుకొనెను. 2004 ఏప్రిల్ నెల పుటలో ఆ వృద్ధుని పేరు, చెల్లించిన అసలు, వడ్డీ, రసీదు సంఖ్య అన్నియు నుండెను. ప్రింటరు రిబ్బను ఎండిపోయినందున అచ్చు మసకగా వచ్చినది. కార్యదర్శి దానిక్రింద స్వహస్తముతో అంకెలు తిరిగి వ్రాసి సంతకము చేసి, క్రొత్త లెక్కలు సరిదిద్దుటకు పైవారికి పంపెను. సరిదిద్దిన కాగితము వచ్చుటకు మఱి రెండు నెలలు పట్టినది. ఆయన ఓపికతో తిరిగెను.

పాత డిస్కును గుడ్డలో చుట్టి, దీనిపై ఏమియు వ్రాయరాదను చీటీ అంటించి బీరువాలో పెట్టితిమి. దించిన పెద్ద ఫైలుకు రెండు ప్రతులు చేసి, ఒకటి అచ్చటను, రెండవది వేఱొక యూరిలోని మా యెరువుల గోదామునను ఉంచితిమి. డాంగిల్‌ను మాత్రము యంత్రమునకే బిగించి ఎఱ్ఱ దారముతో కట్టితిమి, ఊడ్చువారు తీయకుండునట్లు.