ఆట చేసేవాళ్ళ కబుర్లు – వాటికి కాపలా



ఆట అంటే ఆడేది అని మనందరికీ తెలుసు. కానీ ప్రతి ఆటనూ ఎవరో ఒకరు తయారు చేసి ఉంటారు. తయారు చేసేవాళ్ళు ఒకచోట చేరితే మాటలు మొదలవుతాయి. మాటలు మొదలైతే ఒక్కోసారి తగాదాలు కూడా వస్తాయి. ఆ మాటలు ఎట్లా ఉంటాయి, వాటిని ఎవరు సరిచూస్తారు, మన హాస్టల్ గోడకు దానితో ఏమి పని అనేది ఈ వ్యాసంలో రాస్తున్నాను. అందరూ చివరిదాకా చదవవలెనని కోరిక.

మన నేల మీద ఆటలు

మన ఊళ్ళలో పులి-మేక ఆట ఉన్నది. 3 పులులు, 15 మేకలు. బొగ్గుతోనో సుద్దముక్కతోనో అరుగు మీద గీస్తారు. పాత గుళ్ళలో రాతి బండల మీద కూడా ఇట్లాంటి గీతలు చెక్కి ఉంటాయి. వామనగుంటలకు 14 గుంటలు, చింతగింజలు కావాలి. అష్టా చెమ్మకు 4 గవ్వలు చాలు. మనది సముద్రం పక్క ఊరు కాబట్టి గవ్వలకు కరువు లేదు.

వీటిని ఎవరు కనిపెట్టారో పేరు లేదు. కానీ ఊరు మారితే పద్ధతి కూడా మారుతుంది. ఒక ఊళ్ళో గుంటకు 4 గింజలు వేస్తారు, ఇంకో ఊళ్ళో 5 వేస్తారు. మారింది అంటే ఎవరో ఒకరు కూర్చుని మార్చినట్టే కదా. అంటే మన అవ్వలు, తాతలు కూడా ఆటలు తయారు చేసినవాళ్ళే.

ఆట దగ్గర కబుర్లు తప్పవు. ఆడేది ఇద్దరైతే చుట్టూ చేరి చెప్పేవాళ్ళు ఎనిమిది మంది ఉంటారు. మా అవ్వ పక్కన కూర్చుంటే ముందే చెప్పేస్తుంది. "గుంటకు ఎన్ని గింజలో ఇప్పుడే అనుకోండి. మేకను ముట్టుకుంటే జరపాల్సిందే. చూసేవాళ్ళు సైగలు చెయ్యబాకండి" అంటుంది. తగాదా వచ్చాక చెప్తే ఎవరూ వినరని ఆమెకు తెలుసు. మా అవ్వ బడికి పోలేదు. కానీ ఆమె చేసే పనికి కంప్యూటర్ల లోకంలో ఇప్పుడు ఒక పేరు ఉంది. మోడరేటర్ అంటారు. అంటే మాటలు సరిచూసే మనిషి.

స్క్రాచ్ అంటే ఏమిటి?

మన ల్యాబులో పిల్లి బొమ్మ వచ్చే ప్రోగ్రాము ఉంది కదా, దాని పేరు స్క్రాచ్. అమెరికాలో ఎం.ఐ.టి. అనే పెద్ద విద్యాసంస్థలో మిచెల్ రెస్నిక్ గారు, ఆయనతో పనిచేసేవాళ్ళు కలిసి దీనిని తయారు చేశారు. 2007లో అందరికీ ఇచ్చారు. మూడవ రూపం 2019 జనవరిలో వచ్చింది. డబ్బులు కట్టనక్కరలేదు. రంగు రంగుల బ్లాకులు ఒకదానికి ఒకటి తగిలిస్తే బొమ్మ నడుస్తుంది, పాడుతుంది, ఆట అవుతుంది.

ఆ పేరు ఎందుకు పెట్టారంటే, కొందరు పాటలు వేసేవాళ్ళు పాత రికార్డు ప్లేట్లను చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పి, రెండు పాటలు కలిపి కొత్త పాట చేస్తారట. దానిని స్క్రాచింగ్ అంటారు. ఒకరి దాంట్లో ఇంకొకరు కలిపి కొత్తది చెయ్యడం అన్నమాట. మన వామనగుంటలు మారినట్టే ఇది కూడా.

నెట్ ఉన్నచోట పిల్లలు తమ ఆటను అందరికీ కనపడేలా పెడతారు. ప్రపంచంలో ఎక్కడెక్కడి పిల్లలో ఆడి, కింద తమ మాట రాస్తారు. ఒక్కో మాట 500 అక్షరాలు దాటకూడదు.

అక్కడ ఏమి మాట్లాడుకుంటారు?

కంప్యూటర్ సార్ చూపించినప్పుడు నేను శ్రద్ధగా చదివాను. ఆ మాటలు అయిదు రకములుగా ఉన్నవి.

1. మెచ్చుకోవడం. "చాలా బాగుంది" అని. దీని వల్ల సంతోషం కలుగుతుంది కానీ ఆట బాగుపడదు.

2. సాయం అడగడం, చెయ్యడం. "బొమ్మ ఎట్లా ఎగిరింది, నాకూ చెప్పు" అని ఒకరు అడిగితే ముగ్గురు చెప్తారు. ఆటలు బాగుపడేది ఎక్కువగా వీటి వల్లనే.

3. టముకు వేసుకోవడం. "నా ఆట కూడా చూడండి, చూడండి" అని ప్రతి చోటా రాయడం. ఒకసారి అయితే ఫరవాలేదు, పదిసార్లు అయితే విసుగు.

4. కాపీ తగాదా. "నా ఆట నువ్వు ఎత్తుకున్నావు" అని.

5. ఊరికే కబుర్లు. మీకు వాన పడుతుందా, మీ పిల్లి పేరేమి అని. ఇవి దండగ అని మొదట అనుకున్నాను. కానీ స్నేహం అయ్యేది వీటి వల్లనే. స్నేహం ఉన్నచోట తప్పు చెప్పినా కోపం రాదు.

మాటలకు కాపలా ఎట్లా కాస్తారు?

అక్కడ ముందే నియమాలు రాసి పెట్టారు. ఒకరినొకరు గౌరవించాలి. పనికొచ్చే సలహా చెప్పాలి. నిజం చెప్పాలి. ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు లాంటివి రాయకూడదు. చోటు అందరిదీ కాబట్టి అందరూ మంచిగా ఉంచాలి. మా అవ్వ గింజలు ముందే లెక్క చెప్పినట్టు ఇవి కూడా ముందే ఉంటాయి.

తరువాత ఒక యంత్రం కాపలా ఉంది. బూతు మాట రాస్తే యంత్రం పట్టుకుంటుంది. ఆ మాట పైకి రానివ్వదు. కొన్ని నిమిషాలు రాయకుండా ఆపి, ఎందుకు ఆపిందో చెప్తుంది.

యంత్రానికి చిక్కనివి మనుషులు చూస్తారు. ఎవరికైనా ఒక మాట బాధ కలిగిస్తే అక్కడున్న మీట నొక్కి ఫిర్యాదు చెయ్యొచ్చు. మోడరేటర్లు చదివి, తీసెయ్యాలా ఉంచాలా అని తీర్మానిస్తారు.

అక్కడ ఇద్దరు చాటుగా మాట్లాడుకునే ఏర్పాటు లేదు. ఏ మాటైనా నలుగురికీ కనపడేలా రాయాల్సిందే. చిన్న పిల్లలను ఎవరూ చాటుగా బెదిరించకుండా ఇది మంచి కట్టుబాటు.

కాపీ తగాదాకు కూడా ఉపాయం ఉన్నది. ఇంకొకరి ఆట తీసుకుని మార్చడాన్ని రీమిక్స్ అంటారు. అది దొంగతనం కాదు. కానీ రీమిక్స్ చేసిన వెంటనే అసలు చేసినవాళ్ళ పేరు దానంతట అదే పక్కన పడుతుంది. పేరు ఉంటే తగాదా సగం తీరినట్టే.

ఇంకొకటి. ఎవరి ఆట కింద వాళ్ళు మాటలు రాయడం ఆపేసుకోవచ్చు. ఆ హక్కు ఆట చేసినవాళ్ళది. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ చెప్తాను.

మన గోడ మీద సంగతి

మన ల్యాబులో నెట్ నిలబడదు. అందుకని నెట్ లేకపోయినా పనిచేసే స్క్రాచ్ వేసుకున్నాం. ఆట చేసినవాళ్ళు దాని బొమ్మను కాగితం మీద గీసి, ఫైలు పేరు రాసి, ఈ గోడ పత్రిక పక్కన అతికిస్తున్నారు. ఆడినవాళ్ళు కింద తమ మాట రాస్తున్నారు. అందుకే పురికొసతో ఒక పెన్సిల్ కట్టి ఉంది. నెట్ లేకపోయినా అక్కడ జరిగేవి అన్నీ ఇక్కడా జరుగుతా ఉన్నాయి. మెప్పులు ఉన్నాయి, టముకులు ఉన్నాయి, కాపీ తగాదాలు కూడా ఉన్నాయి.

ఆరో తరగతి పాప ఒకామె ఎండ్రకాయ ఆట చేసింది. ఎండ్రకాయ కాలువలో పోతా ఉంటే పైనుంచి వల పడుతుంది. తప్పించుకుంటే మార్కు. ఆ పాప మౌస్ పట్టుకుని నెల కూడా కాలేదు. వాళ్ళ ఇంట్లో మా ఇంట్లో లాగే బడికి వచ్చిన మొదటి మనిషి ఆమే.

ఆ కాగితం కింద 7 మాటలు ఉండినాయి. 6 మంచివి. ఒకటి మాత్రం ఇట్లా ఉంది: "ఎలుకలు పట్టేవాళ్ళకు కంప్యూటర్ దేనికి?"

ఆ పాప ఆరు మాటలు చదవలేదు, ఆ ఒక్కటే చదివింది. ల్యాబుకు రావడం మానేసింది. రాసింది ఎవరో తెలియదు. పట్టుకోవాలని నేను ఇది రాయడం లేదు. అయితే మూడు సంగతులు చెప్పాలి.

ఒకటి, ఎలుకలు పట్టడం తక్కువ పని కాదు. నాయన వరి గట్టు మీద బొరియ చూసి ఎన్ని దారులు ఉన్నాయో చెప్తాడు. ఒక దారిలో కుండతో పొగ పెడితే ఎలుక ఏ దారిలో వస్తుందో ముందే తెలుసుకుని అక్కడ నిలబడతాడు. ఇట్లా అయితే అట్లా చెయ్యి అనేదే కదా ఇఫ్ బ్లాకు! కంప్యూటర్ సార్ ఇఫ్ బ్లాకు చెప్పినప్పుడు నాకు మొదట అర్థమయింది నాయన వల్లనే.

రెండు, ఆ వాక్యంలో ఒక్క బూతు మాట కూడా లేదు. ఎలుక, కంప్యూటర్, దేనికి, అన్నీ మంచి మాటలే. యంత్రం చూస్తే దాటనిచ్చేస్తుందేమో. చదివి నొప్పి తెలుసుకోవడానికి మనిషే కావాలి. కాబట్టి కాపలా యంత్రానికి మాత్రమే వదిలేసే పని కాదు.

మూడు, మొదటి ఆట ఎవరైనా ఉత్సాహంతో చేస్తారు. రెండో ఆట చేస్తారా లేదా అనేది మొదటి దాని కింద రాసిన మాటల మీద ఉంటుంది. మాటల కాపలా బాగుందా లేదా అని తెలుసుకోవడానికి ఇదే గుర్తు. ఎంతమందిని తిట్టారు, ఎన్ని మాటలు చెరిపారు అని లెక్క వేస్తే తెలియదు. కొత్తగా వచ్చిన పిల్ల రెండో ఆట చేసిందా అని చూస్తే తెలుస్తుంది.

పెన్సిల్ తీసెయ్యాలా?

ఈ గొడవ అయ్యాక వార్డెన్ మేడం గారు పెన్సిల్ తీసేద్దామని అన్నారు. మేడం గారు మా మంచికే అన్నారు. పిల్ల ఏడిస్తే ఎవరికైనా కోపం వస్తుంది. అయినా నేను వినయముగా ఒక మాట చెప్పుకుంటున్నాను.

పెన్సిల్ తీసేస్తే చెడ్డ మాట పోతుంది, నిజమే. కానీ మంచి మాటలు ఆరూ దాంతోపాటే పోతాయి. ఆ ఆరింట్లో రెండు చాలా పనికొచ్చేవి. ఒక అక్క రాసింది: "వల ఒక్కసారే పడింది, మళ్ళీ పడలేదు. ఫరెవర్ బ్లాకు లోపల పెట్టు." ఇంకొక అక్క రాసింది: "రెండోసారి ఆడితే పాత మార్కులు అట్లనే ఉండాయి. పచ్చ జెండా నొక్కినప్పుడు స్కోరు సున్నా చెయ్యి." ఈ రెండు మాటలతో ఆట పూర్తిగా బాగుపడుతుంది. ఇవి మనం పడుకోబోయే ముందు చెప్పుకునే కబుర్లలో రావు. కాగితం మీద ఉంటేనే రేపు ఏడో తరగతి పిల్ల కూడా చదివి నేర్చుకుంటుంది.

చెడ్డ మాట కూడా పెన్సిల్ తీసేస్తే చచ్చిపోదు. భోజనాల వరసలోకో, పంపు దగ్గరికో పోతుంది. గోడ మీద ఉంటే కనపడుతుంది, చెరపవచ్చు. పంపు దగ్గర మాటను ఎవరు చెరుపుతారు?

కాబట్టి పెన్సిల్ ఉంచి, ఈ కింది ఏర్పాటు చేసుకుందామని మనవి.

1. ప్రతి వారం ఇద్దరు కాపలా ఉండాలి. ఒకరు పెద్ద తరగతి, ఒకరు చిన్న తరగతి. చిన్న పిల్లకు ఏది నొప్పో చిన్న పిల్లకే ముందు తెలుస్తుంది.

2. మాట రాసినవాళ్ళు పేరు, తరగతి రాయాలి. పేరు రాయడానికి సిగ్గయ్యే మాట అసలు రాయవద్దు.

3. ఆటను గురించి రాయాలి. మనిషిని గురించి, కులం గురించి, ఇంటి గురించి, అమ్మానాయనల పని గురించి ఎగతాళిగా రాయకూడదు.

4. తప్పు చూపిస్తే ఎట్లా బాగుచెయ్యాలో కూడా ఒక ముక్క రాయాలి.

5. ఇంకొకరి ఆట మారిస్తే "ఫలానా వాళ్ళ ఆట నుంచి" అని పైన రాయాలి.

6. మాట చెరిపితే ఎందుకు చెరిపారో రాసినవాళ్ళకు పక్కకు పిలిచి చెప్పాలి. అందరి ముందు అవమానించకూడదు. కాపలావాళ్ళకు తెగకపోతే మేడం గారిని అడగాలి.

7. తన ఆట కింద మాటలు వద్దనుకుంటే ఆ పిల్ల కాగితం మూలన ఒక సున్నా చుట్టి కొట్టేస్తే చాలు. ఎవరూ రాయకూడదు. ఇందాక గుర్తు పెట్టుకోమన్నది ఇదే. అందరి పెన్సిల్ తీసెయ్యకుండా, వద్దన్నవాళ్ళ కాగితం వరకు ఆపవచ్చు.

ఊరికే కబుర్లు రాసుకుంటే చెరపవద్దు. "మీ ఊళ్ళో ఈసారి రొయ్య పడిందా" అని ఎండ్రకాయ ఆట కింద ఎవరో రాశారు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. ఇంటి మీద బెంగ కొంచెం తగ్గుతుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిది అని పెద్దలు అన్నారు. ఈ హాస్టల్ మన ఊరు. ఆ ఆరో తరగతి పాప ఇంకా రెండో ఆట చెయ్యలేదు. మొన్న శనివారం ల్యాబుకు వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నది. ఆమె కాగితం ఇంకా గోడ మీదనే ఉంది, చెడ్డ మాట చెరిపేశారు, కింద చోటు ఉంది. ఆ ఆట ఆడి చూసి, పేరుతో సహా ఒక మంచి మాట రాయండి. పెన్సిల్ మొన ఎవరైనా చెక్కి పెట్టండి.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి