గజేంద్రుని మొర తెలిపే దైవస్వభావం

భగవంతుడు భక్తుణ్ణి కాపాడిన కథ విన్నప్పుడు మన దృష్టి కాపాడబడిన వానిపై నిలుస్తుంది. కాపాడినవాడు ఎటువంటివాడన్న ప్రశ్న వెనుకబడుతుంది. శ్రీమద్భాగవతం అష్టమ స్కంధంలోని గజేంద్ర మోక్షం ఆ ప్రశ్నకు చక్కని సమాధానం. తెలుగు ఇళ్ళలో పోతన పద్యాలుగా, తమిళనాట కుంభకోణం సమీపంలోని కపిస్థలంలో గజేంద్ర వరదుని ఆలయంగా ఈ కథ నిలిచి ఉంది.

త్రికూట పర్వతం మీది సరోవరంలో దిగిన గజరాజు కాలిని మొసలి పట్టింది. పోరు వేయేళ్ళు సాగిందని పురాణం. నీరు మొసలికి స్వస్థానం. అందుచేత దాని బలం పెరిగింది, ఏనుగు బలం తరిగింది. వెంట వచ్చిన మంద విడిపించనూ లేక, విడిచిపోనూ లేక నిలిచింది. స్వశక్తి, స్వజనం అక్కరకు రాని ఆ స్థితిలో గజేంద్రుడు సర్వకారణుడైన పరమాత్మను పిలిచాడు.

15వ శతాబ్దపు కవి బమ్మెర పోతన ఈ మొరలో ఒక సంశయాన్ని కూడా వినిపించాడు. దీనులవద్ద ఉంటాడని చెప్పే దేవుడు ఉన్నాడా, లేడా అని ఏనుగు తల్లడిల్లుతుంది. ఆ సంశయం రక్షణకు అడ్డు కాలేదు. విశ్వాసం సడలుతున్న వాని పిలుపును సైతం ఆలకించడం దైవస్వభావంలో మొదటి లక్షణం.

రెండవది త్వర. సంస్కృత మూలంలో శ్రీహరి చక్రం ధరించి గరుడునిపై వస్తాడు. పోతన చిత్రించిన హరి లక్ష్మీదేవికి చెప్పడు, శంఖచక్రాలు చేపట్టడు, పరివారాన్ని పిలువడు. చేతిలో ఉన్న ఆమె చీర కొంగునైనా విడువడు. ఆయుధం లేనివాడు ఎలా కాపాడతాడని శ్రీనాథుడు పరిహసించాడట. పోతన నూతిలో ఒక బండరాయి పడవేసి, శ్రీనాథుని కుమారుడు పడ్డాడని కేక పెట్టాడట. ఉన్నపాటున పరుగెత్తుకు వచ్చిన శ్రీనాథుణ్ణి, తాడు, నిచ్చెన ఏవని అడిగాడట. ఇది జనశ్రుతి మాత్రమే. అయినా భక్తుని ఆపద భగవంతునికి కన్నబిడ్డ ఆపద వంటిదన్న భావం ఇందులో స్పష్టం.

మూడవ లక్షణం మొసలి విషయంలో కనిపిస్తుంది. చక్రం దాని తల తరిగింది. అంతట దేవలుని శాపం తీరి, హూహూ అనే గంధర్వుడు స్వస్వరూపంతో నిలిచి, హరికి మ్రొక్కి వెళ్ళాడు. పట్టుబడినవానితోపాటు పట్టినవానికీ విముక్తి లభించింది. ఆ కరుణకు శత్రువన్న ఎల్ల లేదు.

మరి మొర పెట్టినా ఆపద తీరని కుటుంబాల మాట ఏమిటి? రోగి మంచం పక్కన ప్రార్థించి, ఆ మనిషిని పోగొట్టుకున్నవారు ఈ ప్రశ్న అడుగుతారు. అడగడం తప్పు కాదు. కథాంతాన్ని గమనించాలి. గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే ద్రవిడ రాజు, హరిభక్తుడు. ధ్యానమగ్నుడై అగస్త్యుని ఆదరించక శాపగ్రస్తుడయ్యాడు. మొసలి నోటినుండి బయటపడిన అతడు తిరిగి అడవికి పోలేదు. గజదేహం విడిచి, హరిరూపం పొంది, ఆయన వెంట వెళ్ళాడు. పోయిన జీవితం ఉన్నది ఉన్నట్టుగా తిరిగి వస్తుందని భాగవతం మాట ఇవ్వలేదు. పిలిచినవాడు ఒంటరిగా మిగిలిపోడని మాత్రం చెప్పింది.